సైడ్ బై సైడ్ ఫ్రిజ్‌లో ఐస్ పడటం లేదు, మాడ్యూల్ మార్చమంటున్నారు

మాధవి_మణికొండ
అందరికీ నమస్కారం. మాది నీళ్ల పైపు కనెక్షన్ ఉన్న సైడ్ బై సైడ్ ఫ్రిజ్. సంక్రాంతి తర్వాత కొత్త ఫ్లాట్‌లోకి మారాం. అప్పటి నుంచి ఐస్‌తో తిప్పలే. మొదట్లో ముక్కలు సగం సైజులో పడేవి. తర్వాత కొన్నాళ్లు పడటం, కొన్నాళ్లు ఆగిపోవడం. ఇప్పుడు పూర్తిగా బంద్. ఫ్రీజర్‌కి ఏ లోటూ లేదు, డిస్‌ప్లే మీద మైనస్ 19 చూపిస్తోంది. సర్వీస్ అబ్బాయి వచ్చి ఐదు నిమిషాలు చూసి "ఐస్ మేకర్ మాడ్యూల్ పోయింది మేడమ్, మొత్తం మార్చాలి" అని ఏడు వేల చిల్లరకి ఎస్టిమేట్ రాసిచ్చాడు. ఏడాది వారంటీ అయిపోయింది, కంప్రెసర్‌కి మాత్రమే ఇంకా ఉంది. మార్పించమంటారా? ఎండలు ముదిరేలోపు తేల్చుకోవాలి. మజ్జిగలో ఐస్ లేకపోతే మా అత్తగారు గ్లాసు ముట్టుకోరు.

రవి_నిజాంపేట్
ఏడు వేలకి ఎన్ని ఐస్ ట్రేలు వస్తాయో ఒక్కసారి లెక్కేసుకోండి మేడమ్. డీమార్ట్‌కి వెళ్తే పని అయిపోతుంది.

మాధవి_మణికొండ
రవి గారూ, ఆ సలహా మా వారు రోజూ ఇస్తున్నారు. ఇంకేదైనా చెప్పండి.

శ్రీను_డాలస్
మాధవి గారూ, ముందు తేలికైనవి చూడండి. ఐస్ ఆఫ్ బటన్ పొరపాటున నొక్కి ఉందేమో, డిస్‌ప్లే మీద దాని లైటు వెలుగుతోందేమో చూడండి. డబ్బా నిండిందో లేదో కనిపెట్టే తీగ లాంటి చెయ్యి ఉంటే అది పైకి ఇరుక్కుపోయి ఉండొచ్చు. అది పైకి ఉంటే డబ్బా నిండిందనుకుని మెషిన్ ఆగిపోతుంది. ఇవన్నీ సరిగ్గానే ఉంటే నా ఓటు వెనకాల ఉండే, నీళ్లని లోపలికి వదిలే ఇన్‌లెట్ వాల్వ్‌కే. మా ఇంట్లోనూ ఇవే లక్షణాలు, వాల్వ్ మారిస్తే సెట్ అయింది. ఇక్కడ వీడియోలు చూసి మనమే మార్చేసుకుంటాం.

బాషా_ఫ్రిజ్_సర్వీస్_గుంటూరు
అమ్మా, వాల్వూ వద్దు మాడ్యూలూ వద్దు, కాసేపు ఆగండి. నేను అడిగేవాటికి జవాబు చెప్పండి.
మీ ఫ్లాట్ ఎన్నో అంతస్తు, బిల్డింగ్ మొత్తం ఎన్ని అంతస్తులు? ఫ్రిజ్‌కి వెళ్లే తెల్ల పైపు ఎక్కడి నుంచి తీశారు? పాత ఇంట్లో ఐస్ బాగానే పడేదా? డోర్ మీద నీళ్లు పట్టుకుంటే గ్లాసు నిండటానికి ఎంతసేపు పడుతోంది?
ఇంకొకటి. ఐస్ డబ్బా బయటికి లాగి, టార్చ్ వేసి, ఐస్ మేకర్ వెనక పైభాగంలో చూడండి. ట్రేలోకి నీళ్లు పోసే చిన్న గొట్టం ఉంటుంది. దాని మూతి ఎలా ఉందో చూసి చెప్పండి.

మాధవి_మణికొండ
బాషా గారూ, మాది ఐదో అంతస్తు, అదే పై అంతస్తు. పాత ఫ్లాట్ తొమ్మిదంతస్తుల బిల్డింగ్‌లో మూడో అంతస్తు, అక్కడ ఒక్క రోజు కూడా ఆగలేదు. ఇక్కడ పైపు కిచెన్ సింక్ కింద టీ జాయింట్ వేసి తీశారు, మధ్యలో చేతి పొడవున్న తెల్ల ఫిల్టర్ పెట్టారు. గ్లాసు నిండేలోపు చెయ్యి నొప్పి పుడుతోంది, ఇది ఇప్పుడే గమనించాను. గొట్టం చూశాను. మూతికి ఐస్ అడ్డంగా బిగుసుకుని ఉంది, దాని నుంచి వేలెడంత ఐస్ కడ్డీ కిందికి వేలాడుతోంది. ట్రే మాత్రం ఖాళీ.

బాషా_ఫ్రిజ్_సర్వీస్_గుంటూరు
సగం రోగం దొరికింది. ఈ రోజు ఇంకో పని చేయండి. ఐస్ మేకర్ కిందో పక్కనో టెస్ట్ అని చిన్న బటన్ ఉంటుంది. దాన్ని కొన్ని సెకన్లు నొక్కి వదలండి. ట్రే మెలి తిరిగి మళ్లీ యథాస్థానానికి వస్తే మోటారు, గేర్లు, బోర్డు అన్నీ బతికే ఉన్నట్టు. ఆ తర్వాత వెనకాల "గుయ్" మని వాల్వ్ శబ్దం వినిపించాలి. వినిపిస్తే వాల్వ్‌కి కరెంటు కూడా అందుతోందన్నమాట. అప్పుడు మాడ్యూల్‌కి మీరు ఒక్క రూపాయి కట్టాల్సిన పని లేదు.

మాధవి_మణికొండ
ట్రే తిరిగింది! శబ్దం కూడా వచ్చింది. నీళ్లు మాత్రం పడలేదు.

బాషా_ఫ్రిజ్_సర్వీస్_గుంటూరు
పడవు, దారి మూసుకుపోయింది కదా. అసలు కథ ఇదమ్మా. ఐస్ మేకర్ అనేది టైముకి పనిచేసే వస్తువు. వాల్వ్ ఇన్ని సెకన్లు తెరవాలని బోర్డులో రాసి ఉంటుంది. ఎన్ని నీళ్లు పడ్డాయో అది కొలవదు. ప్రెషర్ బాగుంటే ఆ కాస్త టైములోనే ట్రే నిండుతుంది. ప్రెషర్ లేకపోతే సగమే నిండుతుంది. మీకు మొదట్లో సగం ముక్కలు పడింది అందుకే.

రెండో తిరకాసు కూడా ఉంది, మా వాళ్లలో చాలామందికి ఇది తెలియదు. ఆ వాల్వ్ లోపల డయాఫ్రమ్ అనే పల్చటి రబ్బరు పొర ఉంటుంది. దాన్ని గట్టిగా మూసి పట్టుకునేది స్ప్రింగ్ ఒక్కటే కాదు, వెనక నుంచి తోసే నీళ్ల ఒత్తిడి కూడా. ఒత్తిడి తక్కువైతే వాల్వ్ పూర్తిగా మూసుకోదు. కరెంటు ఆగిపోయాక కూడా ఒక్కో బొట్టు కారుతూనే ఉంటుంది. ఆ బొట్టు వెళ్లేది ఎక్కడికి? మైనస్ 18లో ఉన్న గొట్టంలోకి. ధారగా వస్తే గడ్డకట్టేలోపే ట్రేలో పడిపోతుంది. బొట్టు బొట్టుగా వస్తే గొట్టం మూతి దగ్గరే గడ్డకడుతుంది. నాలుగు రోజులకి గొట్టం మూసుకుపోతుంది. సర్వీస్ వాళ్లు మాడ్యూల్ మార్చేటప్పుడు ఫ్రిజ్ ఆపి తలుపు తెరిచి పెడతారు, ఆ కాసేపట్లో ఐస్ కరిగిపోతుంది, కొత్త మాడ్యూల్ పెట్టగానే ఐస్ పడుతుంది. కస్టమర్ సంతోషం, మెకానిక్ సంతోషం. నెల తిరక్కుండా మళ్లీ ఫోన్.

శ్రీను_డాలస్
బాషా గారూ, వాల్వ్ కారుతోందంటే వాల్వ్ పోయినట్టే కదా? మార్చడంలో తప్పేముంది?

బాషా_ఫ్రిజ్_సర్వీస్_గుంటూరు
మీ దగ్గర అయితే అదే కరెక్ట్ శ్రీను గారూ. మీకు వీధి పైపులోంచే యాభై, అరవై పీఎస్ఐ (ప్రెషర్‌ని కొలిచే లెక్క) ప్రెషర్ వస్తుంది. అంత ప్రెషర్ ఉండి కూడా కారుతోందంటే వాల్వే దొంగ. ఇక్కడ మన నీళ్లు డాబా మీది ట్యాంకులోంచి దిగుతాయి. కొత్త వాల్వ్ పెట్టినా అదే కారుడు. అక్కడి వీడియోలు చూసి ఇక్కడ వాల్వ్ మార్పించుకున్నవాళ్లు నాకు బాగా తెలుసు, మంచి బేరాలు :)

సూర్యం_మాస్టారు_రాజమండ్రి
లెక్క నేను చేసి పెడతాను, ఫిజిక్స్ చెప్పిన చెయ్యి ఊరుకోదు. నిలబడి ఉన్న నీళ్లు 10 మీటర్ల ఎత్తుంటే అడుగున సుమారు 1 బార్ ఒత్తిడి, అంటే 14 పీఎస్ఐ పైచిలుకు. పైపు లావా సన్నమా అన్నదానితో దీనికి సంబంధం లేదు, ఎత్తే ముఖ్యం. అమ్మాయి పాత ఇల్లు తొమ్మిదింట్లో మూడోది. పైన ఆరు అంతస్తులు, అంతస్తుకి 3 మీటర్లు, ఆపైన ట్యాంకు. 20 మీటర్లకు తక్కువ కాదు, అంటే 2 బార్.

ఇప్పుడు పై అంతస్తు. ట్యాంకులో నీటి మట్టం ఫ్లాట్ నేల నుంచి 6 మీటర్లు అనుకుందాం. ఐస్ మేకర్ నోరు నేల మీద కాదు కదా, సుమారు 1.7 మీటర్ల ఎత్తున ఉంటుంది. మిగిలింది 4.3 మీటర్లు, అంటే 0.43 బార్, 6 పీఎస్ఐ. చాలా ఫ్రిజ్ మాన్యువల్స్‌లో కనీసం 20 పీఎస్ఐ కావాలని రాసి ఉంటుంది. మూడో వంతు కూడా లేదు! అందులోంచి మళ్లీ ఆ తెల్ల ఫిల్టర్ కొంత, ఫ్రిజ్ లోపలి ఫిల్టర్ కొంత తినేస్తాయి.

కొన్నాళ్లు పడి కొన్నాళ్లు ఆగడం కూడా ఇందులోనే తెలుస్తుంది. ట్యాంకు నిండుగా ఉన్న పూట ఒక మాదిరి ఒత్తిడి, అడుగంటిన పూట ఇంకో మాదిరి. ఉన్నదే 4 మీటర్లు అయినప్పుడు ట్యాంకులో మీటరున్నర తగ్గినా పెద్ద తేడానే.

రవి_నిజాంపేట్
మాస్టారూ, మజ్జిగలో ఐస్ కోసం ఇంత ఫిజిక్సా!

సూర్యం_మాస్టారు_రాజమండ్రి
నాయనా, ఒకప్పుడు ఐస్ అమెరికా నుంచి ఓడలో వచ్చేది. మద్రాసు బీచ్ రోడ్డులో ఐస్ హౌస్ అని ఉంది చూడు, ఫ్రెడరిక్ ట్యూడర్ అనే బోస్టన్ వ్యాపారి అక్కడి చెరువుల్లో కోసిన ఐస్ దింపి దాచిపెట్టడానికి 1842లో కట్టించాడు. 1897లో వివేకానందులవారు తిరిగొచ్చినప్పుడు బస చేసింది ఆ భవనంలోనే. రంపపు పొట్టు కప్పి నాలుగు నెలలు సముద్రం మీద తెచ్చినవాళ్ల ముందు మన ఆరు పీఎస్ఐ ఒక సమస్యా?

మాధవి_మణికొండ
మాస్టారూ, మా అత్తగారికి చదివి వినిపించాను. ఓడ ఐస్ అయినా ఫర్వాలేదు, తెప్పించమన్నారు.
బాషా గారూ, ముందు ఆ గొట్టంలో ఐస్ ఎలా తీయాలి? మా వారు స్క్రూ డ్రైవర్ పట్టుకుని నిలబడ్డారు.

బాషా_ఫ్రిజ్_సర్వీస్_గుంటూరు
స్క్రూ డ్రైవర్ లోపల పెట్టేయమనండి! కత్తి, స్క్రూ డ్రైవర్ పెట్టి పొడిస్తే గొట్టం చిరుగుతుంది, లేదంటే లోపలి ప్లాస్టిక్ గోడ పగులుతుంది. ఆ తర్వాత నేనే కాదు, ఎవరొచ్చినా ఏం చేయలేరు.

ప్లగ్ పీకేయండి. సింక్ కింద ఫ్రిజ్ లైన్ కట్టేయండి. ఫ్రీజర్‌లోని సామాను ఐస్ బాక్సులోకి మార్చండి. గొట్టం కింద పాత తువ్వాలు మడిచి పెట్టండి. సూది తీసేసిన ఇంజెక్షన్ సిరంజిలో గోరువెచ్చని నీళ్లు తీసుకుని గొట్టం మూతి దగ్గర కొద్దికొద్దిగా కొట్టండి. మరిగే నీళ్లు వద్దు. హెయిర్ డ్రయ్యర్ కూడా వాడొచ్చు, కానీ తక్కువ వేడిలో, జానెడు దూరం నుంచి, ఒకే చోట ఆపకుండా తిప్పుతూ. నీళ్లున్న చోట కరెంటు వస్తువు కాబట్టి నాకు సిరంజే ఇష్టం. లోపలి ముక్క వదులై జారి కింద పడుతుంది, మీకే తెలుస్తుంది. తర్వాత తడి మొత్తం పొడిబట్టతో తుడిచేయండి.

అది అయ్యాక ఒక చిన్న పరీక్ష. నీళ్ల లైన్ మళ్లీ తెరవండి, ఫ్రిజ్ ప్లగ్ మాత్రం ఇంకో గంట పెట్టొద్దు. గొట్టం కింద పొడి టిష్యూ పేపర్ పెట్టండి. కరెంటే లేనప్పుడు వాల్వ్ తెరుచుకునే ప్రశ్నే లేదు. అయినా పేపర్ తడిసిందంటే వాల్వ్ మూసుకోవడం లేదన్నమాట.

లక్ష్మి_విశాఖ
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా ఫ్రిజ్‌లో ఐస్ బాగానే పడుతుంది గానీ చేపల పులుసు వాసన. నిమ్మరసంలో వేసుకుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. పైగా డబ్బాలో ముక్కలన్నీ ఒకదానికొకటి అతుక్కుని గడ్డ అయిపోతున్నాయి.

బాషా_ఫ్రిజ్_సర్వీస్_గుంటూరు
లక్ష్మక్కా, చాలా మోడల్స్‌లో కింద ఫ్రిజ్‌కీ పైన ఫ్రీజర్‌కీ తిరిగే గాలి ఒకటే. మూత లేకుండా పెట్టిన పులుసు వాసన ఐస్ పట్టేస్తుంది. ఉన్న ఐస్ మొత్తం పారబోయండి, డబ్బా వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టి పెట్టండి. పులుసు మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టండి. ముక్కలు అతుక్కోవడం రెండు రకాలుగా వస్తుంది. ఐస్ వాడకపోతే డీఫ్రాస్ట్ అయినప్పుడల్లా, అంటే ఫ్రిజ్ తనలో పేరుకున్న మంచుని కరిగించుకున్నప్పుడల్లా, పైపైన చెమ్మగిల్లి మళ్లీ గడ్డకడతాయి. లేదంటే డోర్ మీద ఐస్ వచ్చే చోట చిన్న రెక్క ఉంటుంది, అది పూర్తిగా మూసుకోక బయటి తేమ గాలి లోపలికి వెళ్తుంది. మీది సముద్రం ఊరు, తేమకి కొదవ లేదు. ఆ రెక్క దగ్గర ఐస్ పొడి ఇరుక్కుందేమో చూడండి.

లక్ష్మి_విశాఖ
రెక్క దగ్గర ముక్క ఇరుక్కుని ఉంది! థాంక్స్ తమ్ముడూ. పులుసు మీద మూత సంగతి మా ఆయనకి చెప్తా.

మాధవి_మణికొండ
అప్‌డేట్. సిరంజితో చేశాం. చిటికెన వేలంత ముక్క జారి తువ్వాలు మీద పడింది. టిష్యూ పేపర్ తడిసింది, పెద్దగా కాదు, మధ్యలో రూపాయి బిళ్లంత. ప్లగ్ పెట్టాక మర్నాటికి ఐస్ పడింది, మళ్లీ సగం ముక్కలే. అంటే బాషా గారు చెప్పినదే నిజం. ఇప్పుడు ప్రెషర్ ఎలా పెంచాలి? మా పక్కింటాయన ఆర్‌వో ప్యూరిఫైయర్ నుంచి లైన్ ఇచ్చేయండి, నీళ్లూ శుభ్రంగా ఉంటాయి అంటున్నారు.

బాషా_ఫ్రిజ్_సర్వీస్_గుంటూరు
గోడకి తగిలించే మామూలు ఆర్‌వో నుంచి ఇవ్వకండి. అందులో నీళ్లు ప్లాస్టిక్ ట్యాంకులో ఊరికే నిలబడి ఉంటాయి. లోపల మోటారు ఉంటుంది కదా అంటారు, ఆ మోటారు నీటిని మెంబ్రేన్ అనే వడపోత పొర గుండా తోయడానికే, బయటికి పంపడానికి కాదు. మాస్టారి లెక్క ప్రకారం చూస్తే ఆ ట్యాంకు, ఐస్ మేకర్ నోరు దాదాపు ఒకే ఎత్తులో ఉంటాయి. ఆ లైన్‌లో ప్రెషర్ సున్నా. సింక్ కింద పెట్టే, గాలి నింపిన ఇనప ట్యాంకు ఉన్న ఆర్‌వో అయితే పనికొస్తుంది.

మీకు చవకలో అయ్యేది చిన్న బూస్టర్ పంప్. ఆర్‌వోల్లో వాడే 24 వోల్టుల డయాఫ్రమ్ పంప్, ప్రెషర్ చాలినంత రాగానే దాన్ని ఆపే హై ప్రెషర్ స్విచ్, పక్కన ఓ చిన్న ప్రెషర్ ట్యాంకు. వాల్వ్ తెరుచుకోగానే ట్యాంకులోని గాలి నీళ్లని ఫ్రిజ్‌లోకి తోస్తుంది, ప్రెషర్ పడిపోతే పంప్ దానంతట అదే ఆన్ అయి మళ్లీ నింపి ఆగిపోతుంది. ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు గాలి 7, 8 పీఎస్ఐ ఉందో లేదో సైకిల్ పంపుల షాపులో చూపించుకుని బిగించమనండి, చాలామంది ప్లంబర్లు అది చూడరు. ట్యాంకు లేకుండా పంప్ ఒక్కటే పెడితే బొట్టు కారినప్పుడల్లా టక్ టక్ మని కొట్టుకుంటూ రాత్రంతా నిద్ర పోనివ్వదు.

కిరణ్_సొసైటీ_సెక్రటరీ
పై అంతస్తుల వాళ్లకి ఒక మాట. పంప్ మీ ఫ్లాట్ లోపలి లైన్‌కి, అంటే డాబా ట్యాంకు నుంచి దిగే లైన్‌కి మాత్రమే పెట్టుకోండి. హైదరాబాద్‌లో వాటర్ బోర్డు లైన్‌కి నేరుగా మోటారు బిగించడం నిషేధం, పట్టుకుంటే మోటారు తీసుకుపోతారు. మా దగ్గర పై ఫ్లాట్లందరూ కలిసి డాబా మీద ఒకే ప్రెషర్ పంప్ పెట్టించుకున్నారు, గీజర్లు, షవర్లు కూడా బాగుపడ్డాయి. అడిగి చూడండి. ఎవరు ఎంత కట్టాలన్న దగ్గర గొడవ వస్తుందనుకోండి, అది మామూలే.

సూర్యం_మాస్టారు_రాజమండ్రి
పంప్ పెట్టాక కూడా కొలిచి చూసుకో అమ్మా. 170 మిల్లీలీటర్ల గ్లాసు డోర్ మీద 10 సెకన్లలో నిండితే ప్రెషర్ సరిపోయినట్టు. 170 మిల్లీలీటర్లంటే టీ కప్పు కన్నా కాస్త ఎక్కువ.

శ్రీను_డాలస్
బాషా గారూ, ఇది నాకు కొత్త. మా నాన్నగారి ఇల్లు కరీంనగర్‌లో, ఇలాంటి ఫ్రిజే, అదీ పై ఫ్లోరే. పోయిన ఏడాది వాల్వ్ మార్పించాను. ఇప్పుడు మళ్లీ ఐస్ పడటం లేదంటున్నారు. రేపు గొట్టం చూడమని ఫోన్ చేస్తా.

బాషా_ఫ్రిజ్_సర్వీస్_గుంటూరు
చూడమనండి. బోరు నీళ్లయితే ఇంకోటి కూడా చూడాలి. వాల్వ్‌లోకి పైపు దూరే చోట సన్నటి జాలీ ఉంటుంది. ఉప్పు పేరుకుని అది తెల్లగా మూసుకుపోతుంది. లైన్ కట్టేసి, పైపు విప్పి, జాలీని మెత్తటి బ్రష్‌తో రుద్దితే చాలు. కరిగిన ఐస్ అడుగున గ్లాసులో తెల్ల పొడి మిగులుతుంటే అది బోరు ఉప్పే. ఫ్రిజ్‌లో ఉండే కార్బన్ ఫిల్టర్ వాసన, మురికి ఆపుతుంది గానీ టీడీఎస్, అంటే నీళ్లలో కరిగి ఉన్న లవణాలు, తగ్గించదు. ఆ ఫిల్టర్ కూడా ఆరు నెలలకోసారి మార్చాలి. మార్చకుండా వదిలేసి ప్రెషర్ లేదని ఏడ్చేవాళ్లూ ఉన్నారు. అనుమానం ఉంటే ఫిల్టర్ తీసి, ఫ్రిజ్‌తో ఇచ్చిన బైపాస్ మూత బిగించి చూడండి. ధార పెరిగితే ఫిల్టర్ పని అయిపోయినట్టే.

మాధవి_మణికొండ
పంప్, ట్యాంకు పెట్టించాం. ఫిటింగ్‌తో కలిపి మాడ్యూల్ ఎస్టిమేట్‌లో సగం కూడా కాలేదు. ప్లంబర్ "ఫ్రిజ్‌కి పంపేంటమ్మా" అని నవ్వాడు, పెట్టాక గ్లాసు నిండటం చూసి నోరు మూసుకున్నాడు. టిష్యూ పేపర్ పరీక్ష మళ్లీ చేశాను, పొడిగా ఉంది. మొదటి రెండు మూడు విడతల ఐస్ పారబోశాను, కొత్త పైపు వాసన ఉంటుందని. ఇప్పుడు పూర్తి సైజు ముక్కలు పడుతున్నాయి, రోజుకి డబ్బాలో మూడో వంతు పైన నిండుతోంది. ఇంకా ఎక్కువ రావాలా?

బాషా_ఫ్రిజ్_సర్వీస్_గుంటూరు
మామూలు ఇంటి ఐస్ మేకర్ 24 గంటల్లో కిలోన్నర దాకా ఇస్తుందమ్మా. మీకు వచ్చేది సరిపోతుంది. మే నెలలో తలుపు ఊరికే తెరుస్తుంటే ఇంకా తగ్గుతుంది, కంగారు పడొద్దు. ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర ఉండాలి, మైనస్ 12 కన్నా పైకి పోతే ట్రే గడ్డకట్టడం బాగా ఆలస్యం అవుతుంది. పంప్‌కి ఇచ్చిన అడాప్టర్ సింక్ కింద నేల మీద పెట్టొద్దు, గోడకి ఎత్తున తగిలించండి. నీళ్లు చిందుతాయి.

రవి_నిజాంపేట్
నేను చెప్పిన ట్రేలు అయితే రెండొందల్లో అయిపోయేవి.

మాధవి_మణికొండ
రవి గారూ, ఒక గ్లాసు మజ్జిగ తాగడానికి రండి, ఐస్ వేసి ఇస్తాను.

సరస్వతి_నెల్లూరు
బాషా గారూ, మాది పైపు కనెక్షన్ లేని మోడల్. ఫ్రిజ్ లోపలే చిన్న నీళ్ల డబ్బా ఉంటుంది, అందులో పోస్తే ఐస్ అవుతుంది. డబ్బా నిండుగా ఉన్నా నీళ్లు లేవని లైటు వస్తోంది. మాకు కూడా పంప్ పెట్టాలా?

బాషా_ఫ్రిజ్_సర్వీస్_గుంటూరు
వద్దమ్మా, మీ దాంట్లో లోపలే బుల్లి పంప్ ఉంటుంది. డబ్బా తీసి, వెనక మూతి దగ్గర రబ్బరు వాషర్ ఉందా, చిరిగిందా చూడండి. డబ్బాలో తేలే చిన్న బెండు ఉంటే అది పైకీ కిందికీ సాఫీగా కదులుతోందా చూడండి, ఉప్పు పట్టి ఇరుక్కుంటుంది. నిమ్మరసం వేసిన నీళ్లలో ఓ గంట నానబెట్టి కడిగేయండి. మళ్లీ పెట్టేటప్పుడు టక్కుమనే దాకా లోపలికి తోయండి. అప్పటికీ లైటు పోకపోతే డబ్బా వెనక వైపు ఫొటో పెట్టండి, చూస్తాను.